ఇంటూ మార్కు

ఆ వీడియోను షారోన్ మొదట చూసింది తన ఫోన్‌లో కాదు. ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోకముందే, పక్కింటి పిల్ల మనస్విని తన తల్లి ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మనస్వినికి తొమ్మిదేళ్ళు. ఉప్పుగూడ స్టేషన్ వెనుక సందులో ఆ రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒకటే గోడ.

"అక్కా, నువ్వు ఫోన్ల వచ్చినవ్! జూడు!"

తెరమీద షారోన్ ముఖం. మెడ కింద నుంచి భుజాల దాకా బంతిపువ్వు రంగు గుడ్డ కప్పి ఉంది. చెవులు చిల్లులు పడేలా ఒక మోత, వెంటనే ముఖానికి అడ్డంగా ఎర్రటి ఇంటూ మార్కు. తర్వాత రాణీ పింక్ గుడ్డ. మళ్ళీ మోత, మళ్ళీ ఇంటూ. తర్వాత చిలకపచ్చ. ఇంటూ. చివరికి మట్టిరంగు గుడ్డ కప్పగానే గంట మోగి టిక్కు పడింది. కింద పెద్ద అక్షరాలు: ‘మీది డస్కీ స్కిన్ అయితే ఈ మూడు రంగుల జోలికి అస్సలు వెళ్ళొద్దు!’ వెనక నుంచి వినబడుతున్న గొంతు శ్రీహితది. షారోన్ పనిచేసే దుకాణం యజమాని కోడలు ఆమె.

మనస్విని వీడియోను మూడుసార్లు చూపించి ఫోన్ పక్కన పెట్టింది.

"అక్కా, బుధవారం నా బర్త్‌డేకు ఆ పసుపు లంగా నాకొద్దు."

"ఎందుకొద్దే? నువ్వే గద మస్తు ఇష్టపడ్డవ్?"

"నేను గూడ నీ లెక్కనే ఉంట గద," అంది పిల్ల, రెండూ రెండూ నాలుగు అన్నంత మామూలుగా. "నీకు రాంగ్ అయితే నాకు గూడ రాంగే."

బంతిపువ్వు పసుపు లంగా, దాని మీదికి వంగపండు రంగు జాకెట్టు. ఆ గుడ్డలు షారోన్ తన చేత్తో ఎంచి కుట్టించినవి. మొదటిసారి తొడిగి చూసినప్పుడు పిల్ల అద్దం ముందు నుంచి పక్కకు జరగనే లేదు. ఇప్పుడు ఏ బాధా లేకుండా, పాఠం అప్పజెప్పినట్టుగా, అది తనది కాదని చెబుతోంది. అప్పటిదాకా షారోన్‌కు సిగ్గు మాత్రమే వేసింది. ఆ మాట విన్నాక కోపం వచ్చింది. ఆ కోపంతోనే అరుగు మీద కూర్చుండిపోయింది.

హుస్సేనీ ఆలంలో ‘వైకుంఠం మ్యాచింగ్ సెంటర్’ అంటే ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ తెలుసు. చీర సంచీలో పెట్టుకుని వస్తే దానికి సరిపోయే జాకెట్టు ముక్క, లైనింగు, ఫాల్, లోపలి లంగా అన్నీ దొరుకుతాయి. గోడల నిండా కప్పు దాకా తాన్లు. షారోన్ అక్కడ ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. కస్టమర్ చీర మడత విప్పేలోపే ఆమె చెయ్యి సరైన తాను మీదికి పోయేది. ఎరుపు పక్కన బూడిదరంగు పెడితే ఆ బూడిదలో పచ్చఛాయ తేలుతుందని, అదే ముక్కను పచ్చ పక్కకు జరిపితే ఎర్రబారుతుందని ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ట్యూబ్‌లైటు కింద కవల పిల్లల్లా ఉన్న రెండు నీలాలు ఎండలో వేరైపోవడం ఎన్నోసార్లు చూసింది కాబట్టి, ప్రతి ముక్కనూ గుమ్మం దాకా తీసుకెళ్ళి వెలుగులో పట్టి చూశాకే కత్తెర పెట్టేది. పెళ్ళివారు వస్తే యజమాని వైకుంఠం ఇంకెవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "షారోన్‌ను పిలువుండ్రి," అనేవాడు. తల్లి చీర పక్కన కూతురి చీర వెలవెలబోకుండా, ఫొటోలో పదిమంది నిలబడితే పదిమందీ కనబడేలా రంగులు కూర్చడం ఆమె పని.

వైకుంఠం కొడుకు పెళ్ళి అయి ఏడాది. కోడలు శ్రీహిత ఆన్‌లైన్‌లో మూడు నెలల కోర్సు చేసింది. మనుషుల ఒంటిరంగును నాలుగు రుతువులుగా విడగొట్టి, ఏ రుతువు వాళ్ళు ఏ రంగులు వేసుకోవాలో చెప్పే చదువట అది. దుకాణం పైన సరుకు గది ఖాళీ చేయించి అద్దం, గుండ్రటి లైటు, రెండు కుర్చీలు వేయించింది. గడ్డం కింద కప్పి చూడడానికి నలభై రంగుల ముక్కలు కావాలంటే కత్తిరించి, అంచులు కుట్టించి ఇచ్చింది షారోనే. రెండు వారాల కిందట ఒక పొద్దున పైకి పిలిచి, "లైట్ ఎట్లా పడుతుందో చూడాలి, ఐదు నిమిషాలు కూర్చో," అంది శ్రీహిత. షారోన్ కూర్చుంది. కెమెరా ముందు బిడియంగా ఉంటే శ్రీహిత ఏదో జోకు వేసింది కూడా.

అందుకే వీడియోలో షారోన్ నవ్వుతూ ఉంది. ఆ నవ్వు మీద పడింది ఇంటూ. తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండింది.

సోమవారం దుకాణానికి వెళ్ళి, భుజాన బ్యాగ్ అయినా తీయకుండా మెట్లెక్కింది. శ్రీహిత అద్దం తుడుస్తోంది.

"మేడం, ఆ వీడియో తీసెయ్యిండ్రి."

"చూశావా? నలభై వేల మంది చూశారు తెలుసా!" శ్రీహిత సంతోషంగానే తిరిగింది. షారోన్ ముఖం చూశాక ఆ సంతోషం తగ్గింది. "ఏమైంది?"

"నన్ను అడిగిన్రా?"

"అడిగేదేముంది? నువ్వు మన షాపు మనిషివే కదా."

"లైట్ చూస్త అన్నరు. నేను నమ్మి కూసున్న. నా ముఖం మీద ఇంటూ గొట్టి ఊరంత తిప్పిన్రు."

"ముఖం మీద కాదు షారోన్, కలర్ మీద. పర్సనల్‌గా తీసుకోకు. ఇది థియరీ. స్కిన్ టోన్‌కి, డ్రెస్‌కి..."

"ఏం థియరీ?" షారోన్ గొంతు పెరిగింది. "మీ లైట్ల నీలం కలిసి ఉన్నది. దాని కింద పసుపు పెడితే పసుపు సస్తది, మనిషి గూడ సస్తది. మీ మీద ఏసుకున్నా పీనుగు లెక్కనే కనబడ్తరు. పొద్దు వెలుగుల చూసిన్రా ఒక్కసారన్న? ఎనిమిదేండ్ల సంది నేను గుమ్మం కాడికి ఎందుకు ఉరుకుతున్ననో ఎప్పుడన్న అడిగిన్రా?"

"అరవకు. కింద కస్టమర్లు ఉన్నారు."

"ఉండనీ!"

బల్ల మీద ఉన్న బంతిపసుపు ముక్క లాక్కుని షారోన్ మెట్లు దిగింది. కింద గల్లా దగ్గర వైకుంఠం, కౌంటరు ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు. ఎవరివైపూ చూడకుండా తిన్నగా గుమ్మం దాటి రోడ్డు మీద నిలబడింది. పదిన్నర ఎండ సూటిగా పడుతోంది. పసుపు గుడ్డను భుజం మీద నుంచి గడ్డం కింది దాకా కప్పుకుంది.

"సేట్, మీరు జెప్పుండ్రి. ముప్పయ్యేండ్ల సంది రంగులమ్ముతున్నరు. ఇది నా మీద రాంగా?"

వెళ్తున్న ఆటో ఒకటి నెమ్మదించింది. ఎదురు దుకాణం వాళ్ళు తొంగిచూశారు. జాకెట్టు ముక్క కోసం వచ్చిన ఒక బురఖా ఆమె చూసి చూసి, "బహుత్ ఖిల్‌రా బేటీ," అంది. ఎంత బాగా విరిసిందో అన్న మెచ్చుకోలు ఆ కళ్ళలోనూ ఉంది.

వైకుంఠం కూడా చూశాడు. ఆయనకు రంగు తెలుసు. ఆ నల్లటి ఒంటి మీద ఆ పసుపు ఎట్లా వెలుగుతోందో అక్కడున్న అందరికన్నా బాగా తెలుసు. మెట్ల మీద నిలబడ్డ కోడలి వైపు చూశాడు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"లోపలికి రా బిడ్డా. గిరాకీ ముందట లొల్లి మంచిగుండదు."

"బాగున్నదా లేదా, ఒక్క మాట జెప్పుండ్రి సేట్."

"బాగనే ఉన్నది... కని ఆమె చదువుకున్న పిల్ల గద. ఫోన్లల్ల వచ్చేటియి వేరే ఉంటయ్. మనకెందుకు ఫికర్?"

ఎనిమిదేళ్ళలో ఒక్క రంగు విషయంలోనూ తన మాట కాదనని మనిషి. షారోన్‌కు శ్రీహిత మీద కన్నా ఆయన మీద ఎక్కువ కోపం వచ్చింది. శ్రీహితకు తెలియక అంది. ఈయన తెలిసీ మింగేశాడు.

శ్రీహిత మెట్లు దిగి వచ్చింది. ఆమె ముఖమూ ఎర్రబడింది. నలుగురిలో మాట పడడం ఆమెకు అలవాటు లేదు.

"ఇంత మాట్లాడుతున్నావు కదా, మరి నువ్వేం చెప్తావు కస్టమర్లకి? పోయిన నెల కాలేజీ అమ్మాయి వచ్చింది. చిలకపచ్చ పట్టుకుంటే దాని చేతిలో నుంచి నువ్వే తీసేశావు. ‘నీకు మెరూన్ మంచిగుంటది, రంగు తేలుతది’ అన్నావు. నేను ఇక్కడే ఉన్నా. అట్లా రోజుకు పదిమందికి చెప్తావు. నేను కోర్సులో నేర్చుకున్నది సగమే. మిగతా సగం నిన్ను చూసే నేర్చుకున్నా!"

షారోన్ పసుపు గుడ్డను భుజం మీద నుంచి తీసింది.

ఆ అమ్మాయి గుర్తుంది. చెయ్యి కూడా గుర్తుంది. చిలకపచ్చ తాను మీద వేళ్ళు ఆనించి, అడగాలా వద్దా అని చూస్తున్న చెయ్యి. తానే నవ్వుతూ ఆ తాను మడిచి పక్కన పెట్టింది. పక్కనున్న తల్లి సంతోషించింది. తల్లులందరూ అడిగేది ఒకటే: మా పిల్ల కొంచెం తెల్లగ కనబడేటట్టు ఇయ్యి. మెరూన్, బాటిల్ గ్రీన్, కాఫీ. ఆ మూడూ చూపిస్తే బేరం తొందరగా తెగుతుంది. ఎనిమిదేళ్ళలో ఎంతమంది చేతుల్లోంచి ఎన్ని తాన్లు తీసేసిందో లెక్కలేదు. వీడియోలో ఉన్న మోత లేదు, ఎర్ర మార్కు లేదు, అంతే తేడా.

పసుపు గుడ్డను మడతపెట్టి కౌంటరు మీద ఉంచింది. బ్యాగు భుజాననే ఉంది కాబట్టి తీసుకోవలసింది ఏమీ లేదు. నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనక నుంచి వైకుంఠం పిలిచాడు. తిరిగి చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి తల్లి రాజమణి బియ్యం ఏరుతోంది. గవర్నమెంటు బడిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. పని చెడుతుందంటే ముందు భయపడుతుంది.

"ఒక మాటకు పని ఇడిసిపెడ్తరా? రేపు పోయి మంచిగ మాట్లాడు. ఆళ్ళు ఉన్నోళ్ళు, ఆళ్ళకు తెల్వదు."

"అమ్మా, నా చిన్నప్పుడు నాకు ఎప్పుడన్న పసుపు ఏసినవా?"

రాజమణి చెయ్యి చాటలో ఆగింది. "ఏం మాటలే ఇయ్యి?"

"చెప్పు. పసుపు, గులాబీ, ఎరుపు. ఒక్కటన్న ఏసినవా? క్రిస్మస్‌కు అందరు పిల్లలు ఎర్ర ఫ్రాకులు ఏసుకుంటే నాకు ఆ కాఫీ రంగు గౌను గుట్టించినవ్. రెండేండ్లు అదే."

"నలుగురు నవ్వుతరని..." రాజమణి చాట పక్కన పెట్టింది. "మా అమ్మ నాకు గట్లనే ఏసింది. నేను నీకు ఏసిన. నీ మంచికే అనుకున్న."

"అందరు నా మంచికే!" షారోన్ అరిచింది. "ఆమె నా మంచికే, సేట్ నా మంచికే, నువ్వు నా మంచికే. నేను గూడ ఎనిమిదేండ్ల సంది ఆడపిల్లలకు మంచే జేసిన! ఈ మంచి ఎవడు మొదలువెట్టిండో వాడు దొరకాలె నాకు..."

రాజమణి ఏడ్చింది. షారోన్ ఓదార్చలేదు. ఓదార్చడానికి ఆమె దగ్గర ఆరోజు ఏమీ మిగల్లేదు.

బుధవారం మనస్విని ఇంటికి వెళ్ళింది. తలుపు వెనక హ్యాంగరుకు లంగా, జాకెట్టు వేలాడుతున్నాయి. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"మనూ, ఆ వీడియో అబద్ధం. అక్క గూడ చానామందికి గట్లనే అబద్ధం చెప్పింది. పసుపు నీకు మంచిగుంటది. ఎండల నిలబడి నువ్వే జూసుకో."

పిల్ల ఆలోచించింది. "మరి నలభై వేల మంది చూసిన్రంట కద అక్కా? మా క్లాసుల గూడ చూసిన్రు. హరిచందన నన్ను మట్టి రంగు అన్నది."

ఆ సాయంత్రం మనస్విని పాత నీలం ఫ్రాకులోనే కేకు కోసింది. అందరూ చప్పట్లు కొట్టారు. షారోన్ కూడా కొట్టింది. అరచేతులు మండేదాకా కొట్టింది.

గురువారం ఉదయం వైకుంఠం ఫోన్ చేశాడు.

"నీ వీడియో తీయించిన బిడ్డా. కోడలు మళ్ళ పెట్టింది కని, నీ ముఖం మసక చేయించిన. ఎవరో తెల్వదు ఇగ. రేపటిసంది రా. కార్వాన్ నుంచి పెళ్ళోళ్ళు పదకొండు చీరలు తెచ్చి పెట్టిన్రు. నువ్వు లేకుంటే ఏదీ కుదుర్తలేదు."

షారోన్ వీడియో తెరిచి చూసింది. నిజమే. ముఖం ఉన్న చోట మసక. మెడ, భుజాలు, చేతులు అట్లాగే ఉన్నాయి. పసుపు, ఇంటూ. గులాబీ, ఇంటూ. పచ్చ, ఇంటూ.

"ముఖం తీసిన్రు సేట్. చర్మం ఉంచిన్రు."

"ఏందమ్మా నువ్వు..."

"ఇప్పుడది నా ఒక్కదాని మీద గాదు, నా అసొంటోళ్ళందరి మీద కొట్టినట్టయింది. నేనొస్త. కని మేడం మన గుమ్మం ముందట ఎండల నిలబడి ఇంకో వీడియో చెయ్యాలె. అవే గుడ్డలు. నేనే కూసుంట. ‘నేను చెప్పింది తప్పు’ అనాలె. నేను గూడ అంట. ఎనిమిదేండ్లు నేను చెప్పింది గూడ తప్పని నేనే నా నోటితోని అంట."

వైకుంఠం గొంతు పెరిగింది.

"ఇంటి కోడలు ఊరందరి ముందట తప్పొప్పుకోవాల్నా? మాకు పరువు లేదా బిడ్డా?"

"ఉన్నది సేట్. నాకు లేదనుకున్నరు, గంతే."

ఆమే ఫోన్ పెట్టేసింది. మళ్ళీ ఆయన చెయ్యలేదు.

జహనుమాలో అంజన్న రంగుల షెడ్డు ఉంది. దుపట్టాలు, చీరలు, జాకెట్టు గుడ్డలు అడిగిన రంగు వేసి ఇస్తాడు. మ్యాచింగ్ సెంటర్‌లో దొరకని రంగు కావాలంటే షారోన్ ఎన్నో ఏళ్ళుగా అక్కడికే పంపేది. తర్వాతి నెలలో ఆమె అక్కడే పనిలో చేరింది. పొయ్యిల వేడి, కళ్ళు మండించే ఆవిరి, మోచేతుల దాకా రంగు. అంజన్న తక్కువ మాట్లాడే మనిషి. వీడియో గురించి ఒక్కసారే అడిగాడు, విన్నాడు, "రంగులు చూడరాక మనుషులకు వంక పెడ్తరు," అని గంజి కలపడానికి పోయాడు. కోపం చల్లారుతుందని అందరూ అన్నారు. చల్లారలేదు. పనిలో పడ్డప్పుడు కాస్త కుదురుగా ఉండేది, అంతే. శ్రీహిత వీడియోలు ఇంకా వస్తూనే ఉన్నాయని, దుకాణం ముందు కొత్త బోర్డు పెట్టారని ఎవరో చెప్పారు. విని ఊరుకుంది.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఒక తల్లి, కూతురు షెడ్డుకు వచ్చారు. తల్లి పేరు మాణిక్యమ్మ. కూతురికి ఇరవై ఏళ్ళుంటాయి, కాలేజీలో వీడ్కోలు సభ ఉందట. తెల్లటి షిఫాన్ దుపట్టా రంగు వేయించాలి.

"ఏదన్న కాఫీ రంగు, లేకుంటే మెరూన్ ఎయ్యమ్మా," అంది మాణిక్యమ్మ. "దీని రంగు తెలుసు గద. జర తేలేటట్టు ఉండాలె."

"మెరూన్ అయితే..." అంది షారోన్.

అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. అక్కడే నాలుక కరుచుకుంది. ఎనిమిదేళ్ళ మాట అంత తేలిగ్గా పోదు. కూతురి వైపు తిరిగింది.

"నీకేది కావాలె?"

పిల్ల తల్లి వైపు చూసింది. తర్వాత గోడకు వేలాడుతున్న రంగు ముక్కల వరుస మీద చూపు పరిగెత్తించి, ఒకచోట ఆపింది. కనకాంబరం రంగు.

"అదా?" మాణిక్యమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "దాని మీద ఆ రంగేందమ్మా! ఇంక నల్లగ కనబడ్తది!"

"నల్లగనే ఉన్నది గదమ్మా," అంది షారోన్. "నల్లగ కనబడితే ఏమైతది?"

ఆరేసిన చీరల వెనక నుంచి అంజన్న తల బయటపెట్టాడు.

మాణిక్యమ్మకు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక ముఖం మాడిపోయింది. "నా పిల్లను నల్లది అంటవా నువ్వు? ఏం మనిషివమ్మా? పా పోదాం, ఇంకో దగ్గర ఏయిస్త." దుపట్టా లాక్కోబోయింది. అది కూతురి చేతిలో ఉంది. పిల్ల వదల్లేదు. తల్లి విసవిసా బయటికి నడిచి, షెడ్డు ముందు ఎండలో కొంగు తలమీద కప్పుకుని నిలబడింది.

"గిట్ల మాట్లాడితే గిరాకీలు రారు బిడ్డా," అన్నాడు అంజన్న.

"రాకుంటే రాకపోనీ అంజన్నా. సేట్ దుకాణానికి మస్తుమందిని తోలుకొచ్చిన ఆ తియ్యటి మాటలతోని. ఇగ నాతోని కాదు."

పిల్ల ఇంకా అక్కడే ఉంది. చేతిలో దుపట్టా నలిగి ఉండ అయింది. "నిజంగ మంచిగుంటదా అక్కా? అబద్ధం చెప్పకు."

షారోన్ గోడ మీది కనకాంబరం ముక్క తీసి, పిల్ల చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. ముక్కను ఆమె ముంజేతి మీద పరిచి ఎండలోకి తిప్పింది. ఇద్దరూ చూశారు. షారోన్ ఏమీ చెప్పలేదు. చెప్పకుండా ఉండడానికి పళ్ళు బిగబట్టింది. ఈసారి ఆ మాట తను చెప్పకూడదు.

పిల్ల చాలాసేపు చూసుకుంది.

"డ్రెస్ ఏ రంగు?" అని అడిగింది షారోన్ ఇక ఆగలేక.

"ముదురు నీలం."

"నీలం పక్కకు వస్తే ఇది ఇంకింత మండుతది. రెండు ఎదురెదురు రంగులు, ఒకదాన్నొకటి తగ్గనియ్యవు. ఆలోచించుకో. అందరు నిన్నే జూస్తరు."

"చూడనీ," అంది పిల్ల.

బయట నుంచి మాణిక్యమ్మ కేక వేసింది. "వస్తున్నవా లేదే?"

"రాను! నువ్వే లోపలికి రా!" పిల్ల అంతకన్నా గట్టిగా అరిచి, దుపట్టా తెచ్చి షారోన్ చేతిలో పెట్టింది. షారోన్ దాన్ని దులిపి, నీళ్ళలో ముంచి పిండి, పొయ్యి మీద కాగుతున్న బానలో కనకాంబరం రంగు పొడి కలపడం మొదలుపెట్టింది.